పొలాల అమాస తెల్లారి నాలుగు వందల గుడ్లు

అంబమ్మ ఇంటికి ముప్ఫై తెల్లకోడి పిల్లల్ని బుట్టలో పెట్టి మోసుకెళ్ళింది నేనే. అందుకే ఆ తర్వాత ఆమె పడ్డ తిప్పల్లో నా వంతు కూడా ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటికి మాది మైసూరు రాష్ట్రం. నా పేరు హేబ్సిబా, ఊరు బీదర్. గ్రామసేవికగా చేరి రెండేళ్ళయింది. కమలనగర్ చుట్టూ పద్నాలుగు పల్లెలు నాకు అప్పగించారు. 1965 చలికాలంలో ఆడవాళ్ళకు సీమజాతి తెల్లకోళ్ళు పంచమని ఆఫీసునుంచి ఉత్తర్వు వచ్చింది. అవి ఊరికోళ్ళలా పొదగడానికి కూర్చునే జాతి కాదు. గుడ్డు పెట్టడం, తినడం, మళ్ళీ గుడ్డు పెట్టడం, అంతే. పల్లె పల్లె తిరిగి చెప్పాను. "ఆ తెల్లకోళ్ళు రోగిష్టివి", "గద్దకు దూరంనుంచే కనబడతయి" అని అందరూ తప్పించుకున్నారు. ఒప్పుకున్నది ఒక్క అంబమ్మే.

అప్పుడామెకు ఇరవై మూడేళ్ళుంటాయి. భర్త రాచయ్యకు నాలుగెకరాల చేను, జొన్న, కంది. మనిషి మాట తక్కువ, చెయ్యి చురుకు. అత్త సిద్ధమ్మ పండరిపురం నడిచి వెళ్ళొచ్చి మెడలో తులసిమాల వేసుకున్న మనిషి. మాంసం, గుడ్డు ముట్టదు. బుట్టలో కిచకిచలాడుతున్న పిల్లల్ని చూసి ఆమె ఒక్కటే మాటంది.

"కోళ్ళుంటే ఉండనీ. గుడ్డు మాత్రం నా పొయ్యి మీదికి రావద్దు."

"రాదత్తా," అంది అంబమ్మ. ఆ సాయంత్రమే పశువుల కొట్టం పక్కన మూడు రాళ్ళు పెట్టి వేరే పొయ్యి చేసుకుంది. రాచయ్య తుమ్మకంపతో దడి కట్టి, పైన రేకు వేశాడు. ముంగిస కొన్నిటిని, గద్ద కొన్నిటిని ఎత్తుకుపోగా ఇరవై రెండు పెట్టలు మిగిలాయి. ఎండాకాలం ముగిసేసరికి గుడ్లు మొదలయ్యాయి. రోజుకు పదమూడు, పదిహేను. అంబాదాస్ అని ఆ ఊరివాడే ఒకతను మంగళవారం, శుక్రవారం గంపలో పేర్చుకుని రైల్లో బీదర్ తీసుకెళ్ళి హోటళ్ళకు వేసేవాడు. నేను గొప్పగా రిపోర్టు రాసి పంపాను.

తర్వాత శ్రావణం వచ్చింది.

నాకు శ్రావణం తెలియక కాదు, బీదర్‌లో పుట్టి పెరిగినదాన్ని. కానీ మా ఇంట్లో పాటించేది కాదు కాబట్టి అది కోళ్ళ సంగతికి అడ్డొస్తుందని తట్టలేదు. నాకిచ్చిన కన్నడ పుస్తకంలో మేత గురించి ఉంది, రోగాల గురించి ఉంది. నెల రోజులు ఎవ్వరూ గుడ్డు ముఖం చూడరని లేదు. అందులోనూ 1966లో అధిక శ్రావణం. ఒక నెల కాదు, రెండు నెలలు.

అంబాదాస్ ఖాళీ గంప భుజాన వేసుకుని వచ్చి చెప్పాడు. "హోటలోళ్ళు వద్దంటున్రు అంబమ్మా. ఇగ పొలాల అమాస దాంక ఈ మాటే ఎత్తకు."

పొలాల అమాస అంటే ఎడ్ల పండుగ. దానితో శ్రావణం ముగుస్తుంది. ఆ మర్నాడు మా వైపు ఇళ్ళన్నిట్లో మసాలా వాసన వస్తుంది. అప్పటిదాకా కోళ్ళు ఆగుతాయా? కుండలు నిండాయి, గంపలు నిండాయి. ముసురు పట్టిన ఆ వాతావరణంలో ఒకటి పగిలింది, దాని పక్కది పగిలింది. ఇల్లంతా కంపు. సిద్ధమ్మ చాప చుట్టుకుని పక్కింటి అరుగు మీదికి వెళ్ళిపోయింది. రాచయ్య చేని మూల గుంత తవ్వాడు. అంబమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని ఆరు తడవలు మోసుకెళ్ళి పూడ్చింది.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.

"కోళ్ళను వెనక్కి తీసుకుపోతాలే అంబమ్మా," అన్నాను.

"ఎందుకక్కా? అవేమన్న తప్పు చేసినయా? కోడికి పండుగలు తెల్వయి. మనకు తెలుసు. మనమే ముందుగాల సోంచాయించకపోతిమి."

'మనమే' అంది. ముందు ఆలోచించని తప్పులో నన్నూ కలుపుకుంది.

ఆ దసరాకు ఇల్లు వెల్ల వేయడానికి పెరట్లో, నేలలో సగం పాతిన కుండలో సున్నం కలిపారు. పని అయ్యాక కొంచెం మిగిలితే అలాగే వదిలేశారు. దీపావళి దాటాక కుండ కడుగుదామని వంచితే అడుగున గుడ్డు. ఏ పెట్టో కుండ అంచున కూర్చుని జారవిడిచి ఉంటుంది. నలభై రోజులై ఉంటుంది. పారేయబోయి, అంబమ్మ ఆగింది. కంపు లేదేమిటని ముంతలో పగలగొట్టి చూసింది. తెల్లసొన కాస్త పలచబడింది కానీ పచ్చసొన గుండ్రంగా నిలబడే ఉంది. ఎవరికీ చెప్పకుండా తన మూడు రాళ్ళ పొయ్యి మీద అట్టు వేసుకుని తినేసింది.

"తిన్నంక భయమైంది," అని తర్వాత నాతో చెప్పి నవ్వింది. "తెల్లారిందాంక కడుపు పట్టుకొని కూసున్న. ఏం కాలె. ఏం కాలేదని తెలిసినంకనే మా ఇంటాయనకు చెప్పిన."

అంతటితో వదిలే మనిషి కాదు. సున్నం నీళ్ళలో కలిపి, తేరిన పైనీళ్ళు మాత్రం వేరే కుండలోకి వంపి, అందులో ఐదు గుడ్లు వేసింది. పదిహేను రోజులకొకటి తీసి పగలగొట్టి చూసింది. ఐదోది కూడా బాగానే ఉంది. నేను బీదర్‌లో పశువుల కాంపౌండర్ని అడిగితే, పాతకాలంలో అలా దాచేవాళ్ళని ఒప్పుకున్నాడు. ఆయనకు తెలిసీ మాకెవరూ చెప్పని సంగతి అంబమ్మ ఒక రాత్రి నిద్ర పణంగా పెట్టి తెలుసుకుంది.

మరుసటి ఏడు ఆమె సిద్ధంగా ఉంది. శ్రావణానికి నెల ముందే ఉన్న ఒక్క పుంజును చెల్లెలింటికి పంపేసింది. పుంజు తోడు లేని గుడ్డు ఎక్కువ రోజులు ఉంటుందని నా పుస్తకంలో ఉంది. అందులో ఆమెకు పనికొచ్చిన మాట అదొక్కటే. ఏ రోజు గుడ్డు ఆ రోజే, కడగకుండా, గోటితో తట్టి చప్పుడు విని, పగులు లేనివే సున్నపు నీళ్ళలోకి దించేది. చప్పుడు తేడాగా ఉన్నదాన్ని వేరుగా పెట్టేది.

ఆ శ్రావణంలోనే నేను ఆమె ముందు తల దించుకున్న సంగతి ఒకటి జరిగింది. ఊళ్ళో తట్టు పోసి లేచిన పిల్లలిద్దరు కట్టెల్లా ఎండిపోయి ఉన్నారు. గుడ్డు పెట్టమంటే తల్లులు శ్రావణమని ఒప్పుకోలేదు. నేను అంబమ్మను చాటుకు పిలిచి, "శనగపిండి ముద్దలో గుడ్డు కలిపి, బెల్లం వేసి ఉండలు చేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"తెల్వకుండ పెట్టుడు వద్దక్కా. ఒక్కపారి తెలిస్తె ఇగ నా చేతి నీళ్ళు గూడ తాగరు. తెల్వకపోయినా, నాకైతే తెలుసు గద."

నేరుగా ఆ ఇళ్ళకు వెళ్ళింది. ఉన్నమాట చెప్పింది, అడిగింది. ఒక తల్లి, మందులా అనుకుంటానని ఒప్పుకుని రోజూ కొట్టం దగ్గరికి పిల్లను పంపింది. రెండో తల్లి వద్దంది. ఆ ఇంటికి అంబమ్మ తన బర్రె పాలు నెల రోజులు పోసింది. ఇద్దరు పిల్లలూ కోలుకున్నారు. నా ఉండల సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇక పొలాల అమాస దగ్గర పడింది. కుండల్లో దాదాపు నాలుగు వందల గుడ్లున్నాయి. పండుగ మర్నాడు పొద్దున్నే రైలుకు పంపితే బీదర్‌లో మధ్యాహ్నానికి ఒక్కటి మిగలదని అంబాదాస్ లెక్క. నేను పండుగ చూద్దామని ముందు రోజే వచ్చాను. మూడు రోజులుగా వాన ఆగకుండా కొడుతూనే ఉంది. ఎడ్లను తడుస్తూనే ఊరేగించారు. అంబమ్మ గుడ్లన్నీ తీసి, తుడిచి, పొట్టు పోసిన నాలుగు గంపల్లో పేర్చింది. సున్నపు నీళ్ళు పారబోసింది.

తెల్లవారి రాచయ్య బండి కట్టి, అంబాదాస్‌తో కలిసి స్టేషనుకు తీసుకెళ్ళాడు. పదిగంటలకు అదే బండి, అవే గంపలు తిరిగొచ్చాయి. మనుషులిద్దరూ బురదలో మునిగి తేలినట్టున్నారు.

"రైలు వస్తలేదు," అన్నాడు అంబాదాస్. "వాగు పొంగి పట్టాల కింది కట్ట కొట్టుకపోయింది, మన ఊరి చివరనే. నాలుగు దినాలైనా పడుతదంటున్రు. బస్సులు సుత బంద్."

అంబమ్మ గంపల మీద కప్పిన గోనెపట్టా ఎత్తి చూసింది. పొట్టు నానిపోయింది. రెండు మైళ్ళు పోను, రెండు మైళ్ళు రాను బండి గుంతల్లో ఎగిరెగిరి పడి చాలా గుడ్లకు వెంట్రుక వాసి పగుళ్ళు వచ్చాయి.

"మళ్ళీ సున్నపు నీళ్ళల్లో వేస్తే?" అన్నాను.

"పలిగినవి నీళ్ళల్ల ఏస్తె మురుగుతయి. మంచివి గూడ తుడిచినయే, తడిసినయి. ఇగ నిలువవక్కా. రెండు దినాలు, మహా అయితె మూడు."

పోయినేటి గుంత నా కళ్ళ ముందు మెదిలింది. ఆమెకూ మెదిలే ఉంటుంది. గంప పక్కన గొంతుక్కూర్చుని పగుళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. చుట్టుపక్కల ఇళ్ళకు పంచుదామంటే ప్రతి ఇంట్లోనూ ఆ రోజుకు కోడో, తమ ఊరికోళ్ళ గుడ్లో ఉన్నాయి. పదో ఇరవయ్యో తీసుకుంటారు. మిగతావి?

ఉన్నట్టుండి తలెత్తి అడిగింది. "అంబాదాసన్నా, కట్ట కాడ పని మొదలైందా?"

"అయింది. ఎనభై మంది కూలీలను దింపిన్రు. రాళ్ళు మోస్తున్రు పాపం. వాళ్ళ బియ్యం, పప్పు వాగు అవతల్నే ఉండిపోయినయట. పొద్దటికెల్లి పుట్నాలు నములుతున్రు."

అంబమ్మ లేచి కొంగు నడుముకు దోపింది.

ముందు పెద్ద బకెట్లో నీళ్ళు పెట్టించింది. పగలని గుడ్లను ఒక్కొక్కటీ నీళ్ళలోకి వదిలింది. అడుగున పడుకున్నవి ఒక గంపలోకి, నిటారుగా నిలబడ్డవి మరో గంపలోకి, తేలినవి దూరంగా. "పండుకున్నది రేపటికి ఆగుతది. నిలవడ్డది ఇయ్యాల్నే పొయ్యెక్కాలె. తేలింది మనది కాదు," అంది నాకు పని అప్పజెబుతూ. పగుళ్ళు వచ్చినవాటిని ఒక్కొక్కటీ ముందు ముంతలో కొట్టి, వాసన చూసి, బాగుంటేనే గిన్నెలో పోయమంది. ఒకేసారి గిన్నెలో కొడితే ఒక్క చెడ్డది ముప్ఫైటిని పాడు చేస్తుంది. నేను తొందరపడి ఒకటి నేరుగా గిన్నెలోకి కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

సున్నంలో ఉన్న గుడ్డు ఉడికేటప్పుడు పగులుతుంది, పెంకులో గాలి పోయే దారి ఉండదు కాబట్టి. అందుకని మొద్దు వైపు సూదితో చిన్న చిల్లు పొడిచి నీళ్ళలో వేసింది. ఉడికాక ప్రతిదాన్నీ రెండుగా కోసి చూసింది.

మూడు రాళ్ళ పొయ్యి చాలదని అప్పటికే తెలిసిపోయింది. గిన్నె కూడా చాలదు. అరుగు మీద కూర్చుని జపమాల తిప్పుతున్న సిద్ధమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. లేచి లోపలికి వెళ్ళింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. తన పెళ్ళినాటి ఇత్తడి గంగాళం దొర్లించుకుంటూ బయటికి వచ్చింది.

"అత్తా, ఇది నీ పూజలకు నీళ్ళు పట్టేది," అంది అంబమ్మ.

"చింతపండు ఏసి తోమితె పోతది. ఎనభై మంది వానల తడుసుకుంట పని చేస్తుంటె, నేను గంగాళం దాసుకొని కూసోవాల్నా? నేనైతె గుడ్డు ముట్ట. రొట్టెలు కొడుత. జొన్నపిండి తియ్యి."

కొట్టంలో పొయ్యి, ఇంట్లో పొయ్యి రెండూ రాజుకున్నాయి. అటు నుంచి సిద్ధమ్మ రొట్టె కొట్టే చప్పుడు. ఇటు గంగాళంలో ఉల్లిగడ్డలు వేగుతున్న చప్పుడు. పల్లీలు, నువ్వులు వేయించి నూరి, చింతపండు రసం పోసి, కారం, ఎల్లిపాయ వేసి చిక్కగా పులుసు కాచి, కోసిన గుడ్లు అందులో వేసింది. ముంతలో పరీక్షించిన గుడ్ల సొన పుంటికూరతో కలిపి పొరటు చేసింది. వానాకాలం కదా, ఆ గోంగూర దడి పక్కనే గుబురుగా పెరిగి ఉంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి మాకు తోడు పడ్డారు, తలా కొంత పిండి తెచ్చారు.

మధ్యాహ్నం రెండు గంటలకు రాచయ్య కావడి ఎత్తుకున్నాడు. మేం వెనుక రొట్టెల గంపలతో నడిచాం. కట్ట దగ్గర మేస్త్రీ మొగులప్ప, నెత్తిన గోనెసంచి కప్పుకుని అరుస్తూ ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఎవరు పంపిన్రమ్మా మిమ్మల్ని?"

"ఎవరు పంపలె అన్నా. మా ఇంట్ల గుడ్లున్నయి, మీకు ఆకలున్నది."

మనుషులు చుట్టూ చేరారు. అంబమ్మ మూత తీయలేదు. గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పింది. "ముందుగాల ఒక మాట. ఇవి ఇయ్యాలటి గుడ్లు కాదు. నెల దినాల సంది సున్నపు నీళ్ళల్ల దాసినయి. ఒక్కొక్కటి చూసినంకనే వండిన. ఇష్టమైనోళ్ళు తినుండ్రి, వద్దనుకున్నోళ్ళకు రొట్టె, కారం ఉన్నయి." అని మూత తీసి, రొట్టె తుంచి, గుడ్డుతో అందరి ముందూ తాను మొదటి ముద్ద తింది.

మొగులప్ప చెయ్యి కడుక్కుని ముందుకొచ్చాడు. "నాకు రెండు వెయ్యి చెల్లె," అన్నాడు. ఆ తర్వాత గంగాళం అడుగు కనబడటానికి ఎంతోసేపు పట్టలేదు.

రెండో రోజు, బకెట్లో పడుకున్న గుడ్లను ఉడకబెట్టి, గాట్లు పెట్టి, పసుపు, ఉప్పు, కారంతో నూనెలో ఎర్రగా వేయించింది. అవి మాపటికి కూడా పాడవ్వవు కాబట్టి రాళ్ళు మోసేవాళ్ళు మూటలో కట్టుకున్నారు. మూడో రోజుకు నూనె అయిపోయింది, ఉల్లిగడ్డ అయిపోయింది, గుడ్లు ఎనభై దాకా ఉన్నాయి. వచ్చినవాళ్ళలో సగం మంది మరాఠీవాళ్ళు, వాళ్ళకు శనగపిండితో చేసే పిట్ల ప్రాణం. అంబమ్మ పిట్ల ఉడుకుతుండగా గుడ్లు ఒక్కొక్కటీ చూసి అందులో కొట్టి, పప్పుగుత్తితో తిప్పింది. అంతకుముందు ఎవరూ అలా చేయడం నేను చూడలేదు. మెత్తగా, పచ్చగా, ఎనభై మందికీ సరిపోయేలా పెరిగింది. ఒక ముసలాయన మూడుసార్లు వేయించుకున్నాడు.

నాలుగో రోజు ఇంజను ఒక్కటే నిదానంగా కొత్త కట్ట దాటింది. అప్పటికి గంపలు ఖాళీ. పారేసినవి పదకొండు, అన్నీ నీళ్ళలో తేలినవే. మొగులప్ప ఇంటికొచ్చి గంగాళం తానే తోమించి ఇస్తానన్నాడు. సిద్ధమ్మ ఒప్పుకోలేదు. "మీరు కట్ట కట్టిన్రు. మా గిన్నెలు మేం తోముకుంటం," అంది.

రైలు మళ్ళీ నడిచాక అంబాదాస్ గుడ్లు బీదర్ తీసుకెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ చలికాలంలో అదే ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చి కోడిపిల్లలు అడిగారు. గద్ద గురించి ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళకు మేత గురించి నేను చెప్పాను, గుడ్డు గురించి అంబమ్మ చెప్పింది.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. 1972లో కరువు వచ్చినప్పుడు గింజ దొరకలేదు. అంబమ్మ నాలుగు పెట్టలు ఉంచుకుని మిగతావన్నీ వదులుకుంది. "మనుషులకే గింజ లేదు, కోళ్ళకు ఎట్ల ఏద్దునక్కా," అని రాచయ్యతో కలిసి రోడ్డు పనికి కంకర కొట్టడానికి వెళ్ళింది. ఆ ఏడు ఆమె చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. వానలు పడ్డాక మళ్ళీ పది పిల్లలతో మొదలుపెట్టింది.

రాష్ట్రం పేరు కర్ణాటక అయిన మరుసటి ఏడు ధన్నూరలో ఆడవాళ్ళకు వారం రోజుల శిక్షణ పెట్టారు. గుడ్ల మీద మాట్లాడటానికి అంబమ్మను పిలవమని నేను పట్టుబట్టాను. అధికారి కన్నడంలో, "ఆమె ఏం చదివింది?" అని అడిగాడు. ఏమీ చదవలేదన్నాను. "మరి ఉపన్యాసం ఎలా ఇస్తుంది?" అన్నాడు.

ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. బస్సు దిగి నేరుగా వెళ్ళి, స్కూలు పెరట్లో మూడు రాళ్ళు పేర్చింది. వెంట సిద్ధమ్మ కూడా వచ్చింది, అప్పటికి నడుం వంగిపోయింది. నేను ఆశ్చర్యపోయి, "ఇంత దూరం నువ్వెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"గుడ్లు ఒక్కటే తింటరా జనం? రొట్టెలు ఎవరు కొడుతరు?" అంది.

నలభై మంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. అంబమ్మ ముంతలో ఒక్కో గుడ్డు కొట్టి అందరికీ చూపించి, వాసన చూడమని చేతికిచ్చింది. సిద్ధమ్మ పొయ్యి అవతల గుడ్ల వైపు వీపు పెట్టి కూర్చుని రొట్టెలు కొడుతూ, వాసనను బట్టే "ఉప్పు తక్కువైందే" అని కోడలికి చెబుతూ ఉంది. ఆ అధికారి ఒక మూల నిలబడి రెండు రొట్టెలు, పిట్ల తిన్నాడు. సాయంత్రం నన్ను పిలిచి, హుల్సూర్‌లో పెట్టే శిక్షణకు కూడా ఈ ఇద్దరినీ రమ్మనమని చెప్పాడు.